జిడ్డు అనే మాట గురించి

మన స్పోర్ట్స్ పేజీల్లో జిడ్డు అనే మాట ఒకటుంది. వికెట్ ఇవ్వకుండా, పరుగులూ తీయకుండా నిలబడ్డవాడిది జిడ్డు బ్యాటింగ్. బాదేవాడికి మాత్రం మాటలకి కరువు లేదు: ఊచకోత, వీరబాదుడు, చితక్కొట్టుడు. ఆపేవాడికి మిగిలింది మూకుడుకి పట్టుకుని వదలని ఆ జిడ్డొక్కటే.

2021 జనవరి 11న సిడ్నీలో హనుమ విహారి ఈ మాటకి అర్థం మార్చేశాడని అప్పట్లో అనుకున్నాను. ఇప్పుడు అంత నమ్మకం లేదు.

ఆరోజు సోమవారం, ఎల్లుండి భోగి. వర్క్ ఫ్రం హోమ్ రోజులు కాబట్టి తునిలో ఇంట్లోనే ఉన్నాను. ఆఫీసు కాల్ మ్యూట్‌లో పెట్టి టీవీ చూస్తున్నాను. 407 లక్ష్యం, 272 దగ్గర పుజారా ఐదో వికెట్‌గా వెళ్ళిపోయాడు. నాన్నగారు సంచీ పట్టుకుని బజారు నుంచి వచ్చి, స్కోరు చూసి, "ఏంట్రా వీడు, జిడ్డులా పట్టుకున్నాడు, ఒక్కటీ కొట్టడేంటి?" అన్నారు. తొడ వెనక కండరం పట్టేసింది, పరిగెత్తలేడు అన్నాను. "అయ్యో, అలాగా! అయితే గట్టివాడేరా" అని కుర్చీ లాక్కుని కూర్చున్నారు. పుట్టింది కాకినాడలోనే అని చెప్పాక ఇక లేవలేదు.

అదే మనిషి, అదే ఆట. మధ్యలో మారిందల్లా గాయం కబురు. ఆ తర్వాత దేశమంతా రాసింది కూడా నాన్నగారి రెండో వాక్యాన్నే. 161 బంతులకి 23 నాటౌట్. అశ్విన్ 128 బంతులకి 39. ఇద్దరూ దాదాపు 43 ఓవర్లు విడిపోకుండా ఆడి 334 దగ్గర మ్యాచ్‌ని డ్రా చేశారు. రాసినవాళ్ళందరూ కుంటడం గురించి రాశారు. ఆడటం గురించి రాసింది తక్కువ.

ఈమధ్య ఆ ఇన్నింగ్స్‌ని బంతి బంతికీ రాసే కామెంటరీలో మళ్ళీ చదివాను. ఉద్యోగరీత్యా లాగ్ ఫైళ్ళు చదివే అలవాటున్నవాడిని, 'పరుగు లేదు' అని వందసార్లు రాసున్నా విసుగు రాదు. ముందుకి కాలు చాచలేడు కాబట్టి స్పిన్నర్ లయన్‌ని ఎక్కువగా అశ్విన్‌కి వదిలి, తను పేసర్ల వైపు నిలబడ్డాడు. నడుం పట్టేసి వంగలేని అశ్విన్ అటు, కాలు కదలని ఇతను ఇటు. అంటే ఉన్నది ఒక్క మొండితనమే కాదు, ఒక పంపకం కూడా. బంతి దగ్గరికి వచ్చేదాకా ఆగి, కళ్ళ కింద, మెత్తని చేతులతో దాన్ని కాళ్ళ దగ్గర పడేయడం గాయం నేర్పిన విద్య కాదు. ఆఖర్లో కీపర్ పెయిన్ ఒక క్యాచ్ వదిలేశాడు, అదీ నిజమే. వీరగాథల్లో ఇలాంటివి రాయరు, నాకు మాత్రం దానివల్ల ఇన్నింగ్స్ చిన్నదవుతుందని అనిపించదు.

ఆ విద్య ముందే ఉందనడానికి 2018 మెల్‌బోర్న్ చూడండి. అప్పటికి మిడిలార్డర్ కుర్రాడు, ఓవల్‌లో మొదటి టెస్టులోనే 56 కొట్టినవాడు. ఓపెనర్లు కుదరక అతన్ని కొత్త బంతి ముందుకి తోశారు. 66 బంతులకి 8. స్టార్క్, హేజిల్‌వుడ్, కమిన్స్ కొత్త బంతితో వేస్తున్నంతసేపూ ఒక చివర మూసేసి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత పుజారా సెంచరీ, 443కి డిక్లేర్, 137 పరుగుల గెలుపు. ఆ 8 ఎవరికి గుర్తుంది? కాలు బాగానే ఉంది కదా, అందుకే అది జిడ్డు.

సిడ్నీ రోజునే, 109 బంతులకి 7 పరుగులా, ఇతను క్రికెట్‌ని చంపేశాడని ఒక కేంద్రమంత్రి ట్వీట్ చేశారు. ఇంటిపేరో ఊరిపేరో తెలీనట్టు విహారిని 'బిహారి' అని రాశారు. విహారి జవాబులో ఉన్నది తన పేరు ఒక్కటే, సరైన స్పెల్లింగ్‌తో. ఆ రోజు వచ్చిన విమర్శంతటిలో నాకు నచ్చిన వాక్యం అదే. బంతిని ఎలా వదిలాడో ఆ మాటనీ అలాగే వదిలేశాడు.

రెండో గాయం ఇండోర్‌లో, 2023 రంజీ క్వార్టర్ ఫైనల్లో. ఈసారి ఆంధ్ర కెప్టెన్. ఆవేశ్ ఖాన్ బంతికి ఎడమ మణికట్టు విరిగి, 16 దగ్గర బయటికెళ్ళాడు. మర్నాడు తొమ్మిదో వికెట్ పడ్డాక పదకొండోవాడిగా వచ్చి, విరిగిన చేతికి మళ్ళీ దెబ్బ తగలకుండా ఎడమచేతివాటం ఆడాడు. 27 చేశాడు, జట్టు 379కి చేరింది. రెండో ఇన్నింగ్స్‌లో ఆంధ్ర 93కే కూలిపోతే మళ్ళీ అలాగే వచ్చి 15 కొట్టాడు. మధ్యప్రదేశ్ 5 వికెట్లతో గెలిచింది. ఇండోర్ క్లిప్పులు మనందరి ఫోన్లకీ వచ్చాయి. ఆటగా చూస్తే సిడ్నీ దీనికన్నా చాలా పెద్దది, కానీ 161 బంతులు క్లిప్పులో పట్టవు.

ఏడాది తిరక్కుండానే, 2024 జనవరిలో బెంగాల్‌తో మొదటి మ్యాచ్ అవగానే కెప్టెన్సీ పోయింది. ఫిబ్రవరి 26న, మళ్ళీ ఇండోర్‌లోనే, మళ్ళీ మధ్యప్రదేశ్ చేతిలోనే, 4 పరుగులతో ఓడిన రోజు విహారి ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పోస్టు పెట్టాడు. పదిహేడో ఆటగాడి మీద అరిచానని, అతని తండ్రి రాజకీయ నాయకుడని, అందుకే తనని రాజీనామా చేయమన్నారని, ఇక ఆంధ్రకి ఆడనని. ఆ ఆటగాడూ, సంఘమూ ఇది ఒప్పుకోలేదు, అసలు సమస్య విహారి నోటి తీరేనన్నారు. ఆ తగువు తీర్చడం నా పని కాదు. నన్ను ఆపింది ఆ పోస్టులో ఇంకో చోటు. జట్టు కోసం ఒంటిని పణంగా పెట్టానని, ఎడమచేత్తో ఆడానని, ఏడేళ్ళలో ఐదుసార్లు నాకౌట్‌కి తీసుకెళ్ళానని, 16 టెస్టులు ఆడానని అతనే ఏకరువు పెట్టాడు. మూడేళ్ళ కిందట పేరు తప్ప ఇంకేమీ చెప్పనక్కర్లేని మనిషి తన గాయాన్ని తనే సాక్ష్యంగా తెచ్చుకోవాల్సి వచ్చింది. ఇందులో మన వాటా ఉంది. ఆపేవాడిని దెబ్బ తగిలితేనే చూస్తామని అతనికి మనమే నేర్పాం. ఫీల్డ్ ఎలా పెట్టాడు, కుర్రాళ్ళని ఎలా వాడాడు అని ఆ కెప్టెన్సీ గురించి తెలుగులో నాలుగు పేరాలు ఎవరైనా రాసుంటే, ఆ పోస్టులో మణికట్టు ప్రస్తావన వచ్చేదా?

తర్వాత ప్రభుత్వం మారింది. 2024 జూన్‌లో లోకేశ్‌ని కలిశాక ఆంధ్రకే ఉండిపోయాడు. 2025లో త్రిపురకి వెళ్ళిపోయాడు.

మొన్న ఇంటికెళ్ళినప్పుడు నాన్నగారికి మెల్‌బోర్న్ సంగతి చెప్పాను, 66 బంతులకి 8 అని. ఆయన కళ్ళజోడు తీసి, "అప్పుడేం దెబ్బ తగిలిందిరా?" అని అడిగారు.