లక్నో కొలతతో లండన్: అబూ తాలిబ్ యాత్రాచరిత్రలో నిత్యజీవితం

విదేశాలకు వెళ్ళి వచ్చినవారిని అక్కడ ఏమేమి చూశారని అడగడం పరిపాటి. ఏ వేళకు నిద్ర లేచారు, స్నానానికి వసతి ఎలా ఉండేది, ఎవరి సరసన కూర్చుని భోజనం చేశారు అని అడిగేవారు తక్కువ. మీర్జా అబూ తాలిబ్ ఖాన్ పారశీక భాషలో వ్రాసిన యాత్రాచరిత్ర ‘మసీర్-ఇ-తాలిబీ’ ఈ రెండవ తరగతి ప్రశ్నలకు సమాధానం చెప్పేటప్పుడే ఉత్తమ గ్రంథంగా నిలుస్తుంది. 1799 ఫిబ్రవరిలో కలకత్తాలో ఓడ ఎక్కి, 1803 ఆగస్టులో మళ్ళీ అదే నగరం చేరిన ఈ లక్నో వాసి రచనను చరిత్రకారులు చాలాకాలంగా ఉపయోగించుకుంటున్నారు. ఐరోపా సమాజాన్ని భారతీయుడొకడు స్వయంగా చూసి, తూచి, తీర్పు చెప్పిన తొలి గ్రంథాలలో ఒకటిగా దీనికి ఖ్యాతి ఉన్నది. ఆ ఖ్యాతి న్యాయమైనదే. అయితే అతనిని సాక్షిగా పిలిచినవారు ఆ సాక్షి ఎటువంటి ఇంటి నుంచి వచ్చాడో, అతని చేతిలోని తూనిక ఏ బజారుదో తగినంతగా విచారించలేదు.

అబూ తాలిబ్ 1752లో లక్నోలో జన్మించాడు. తండ్రి హాజీ ముహమ్మద్ బేగ్ ఖాన్ ఇస్ఫహాన్ నుంచి వచ్చిన తురుష్క వంశీయుడు. అవధ్ కొలువులో రెవెన్యూ వ్యవహారాలు చూసిన అబూ తాలిబ్, ఆస్థానంలోని ముఠా తగాదాల మూలంగా పదవి పోగొట్టుకుని, కంపెనీ దొరల ఆదరణను ఆశించి కలకత్తా చేరాడు. 1791లో అక్కడ హాఫిజ్ దివాన్‌ను పరిష్కరించి అచ్చు వేయించాడు. నవాబు ఆసఫుద్దౌలా పాలనలోని లోపాలను ఎత్తి చూపుతూ ఒక చరిత్ర వ్రాశాడు. ఉద్యోగం మాత్రం దొరకలేదు. ఆ నిరాశలో ఉండగా కెప్టెన్ డేవిడ్ రిచర్డ్‌సన్ తనతోపాటు ఇంగ్లండుకు రమ్మని పిలిచాడు. సముద్రయానం ప్రమాదభరితం గనుక దారిలో ఏదైనా జరిగినా తన కష్టాలకు ముగింపు దొరుకుతుందని భావించి అంగీకరించినట్లు అతడే చెప్పుకున్నాడు. జిజ్ఞాస ప్రేరేపించగా దేశాటనకు బయలుదేరిన విద్వాంసుడని అతనిని వర్ణించే పీఠికాకర్తలు ఈ మాటను దాటవేయకూడదు. కొలువు పోయిన ఉద్యోగి కన్ను వేరు, తీరిక ఉన్న విహారి కన్ను వేరు. జీతాలు, ధరలు, పన్నులు, అప్పులు, పనిగంటలు ఈ గ్రంథంలో ఇంతగా చోటు చేసుకోవడానికి కారణం అక్కడ ఉన్నది.

డెన్మార్కు ఓడలో దుర్భరమైన ప్రయాణం చేసి గుడ్‌హోప్ అగ్రం చేరి, అక్కడ మరో ఓడకు మారి, 1799 చివరలో అతడు ఐర్లండులోని కార్క్ రేవులో దిగాడు. అక్కడ అతడు కలుసుకున్నవారిలో డీన్ మహమ్మద్ ఒకడు. పాట్నా నుంచి వెళ్ళి, ఐర్లండు వనితను వివాహమాడి అక్కడే స్థిరపడి, 1794లో తన యాత్రలను ఆంగ్లంలోనే ప్రచురించిన వ్యక్తి అతడు. భారతీయుల విదేశయాత్రా సాహిత్యానికి ఆరంభదశలో నిలిచే ఇద్దరు రచయితలు దూరదేశపు రేవు పట్టణంలో ఎదురుపడ్డారు. ఒకడు తన వారికోసం పారశీకంలో వ్రాయబోతున్నాడు, మరొకడు పరాయివారికోసం వారి భాషలో అప్పటికే వ్రాశాడు. అబూ తాలిబ్ ఈ సమావేశాన్ని కొద్దిపాటి వాక్యాలతో ముగించడం పాఠకునికి నిరాశ కలిగిస్తుంది. ప్రభువర్గీయులతో జరిపిన విందులకు పేజీలు కేటాయించిన రచయిత, తన దేశస్థుడు పరదేశంలో సంసారం ఎలా నెట్టుకువస్తున్నాడో వివరించడానికి పూనుకోలేదు.

డబ్లిన్‌లో రాత్రివేళ వీధి దీపాలను, దుకాణాల వెలుగును చూసినప్పుడు అతనికి లక్నోలోని ఇమాంబాడా దీపాలంకరణ జ్ఞప్తికి వచ్చింది. ఈ ఒక్క ఉపమానం అతని దృష్టిని పట్టి ఇస్తుంది. ఆసఫుద్దౌలా కట్టించిన ఇమాంబాడాలో దీపాలు వెలిగేది భక్తి సందర్భంలో, నవాబు ఖర్చుతో, ఏడాదిలో నిర్ణీతమైన దినాలలో. డబ్లిన్ వీధిలో దీపం ప్రతిరాత్రీ వెలుగుతుంది, ఆ వెలుగులో సరుకు అమ్ముడవుతుంది. అబూ తాలిబ్ ఈ తేడాను సూత్రీకరించడు. పోలికను పాఠకుని ముందు ఉంచి ముందుకు సాగిపోతాడు. పెద్ద నగరంలో పుట్టి పెరిగినవాడు గనుక మరో పెద్ద నగరాన్ని చూసి నివ్వెరపోడు. పక్కన పెట్టి కొలుస్తాడు.

ఆ కొలతలో ఐరోపా ఎప్పుడూ నెగ్గదు. స్నానం విషయమే తీసుకోవచ్చు. డబ్లిన్‌లోని వేడినీటి స్నానశాలలు అతనికి ఏమాత్రం నచ్చలేదు. అవి ఇరుకుగా ఉన్నాయని, ఒళ్ళు రుద్దే పరిచారకులు కూడా లేరని ఆక్షేపించాడు. హమామ్‌కు అలవాటుపడిన శరీరం వ్రాసిన వాక్యాలవి. ఈ లోటును గ్రహించి దానినే జీవనోపాధిగా మార్చుకున్నవాడు కార్క్‌లో కలిసిన ఆ డీన్ మహమ్మదే. 1810లో లండన్‌లో హిందుస్తానీ కాఫీ హౌస్ తెరిచి, అది సాగక నష్టపోయి, తరువాత బ్రైటన్‌లో ఆవిరిస్నానం, అంగమర్దనం జరిపే శాల నెలకొల్పి ప్రసిద్ధుడయ్యాడు. అబూ తాలిబ్ ఫిర్యాదు అక్షరాలా నిజమని ఆంగ్లేయులే డబ్బు చెల్లించి అంగీకరించినట్లయింది.

లండన్‌లో అతడు 1800 జనవరి నుంచి 1802 వేసవి వరకు నివసించాడు. మూడవ జార్జి రాజును, రాణి షార్లెట్‌ను దర్శించాడు. పత్రికలు అతనిని ‘పర్షియా రాకుమారుడు’ అని వ్రాశాయి. తాను రాకుమారుణ్ణీ కాను, పర్షియా వాణ్ణీ కాను అని గట్టిగా ఖండించే ఉత్సాహం అతనికి ఉన్నట్లు కనిపించదు. ఈ భాగంలోని విందుల పట్టికలు, ఆతిథ్యమిచ్చిన ప్రభువుల పేర్లు, సుందరీమణులను కీర్తించే ప్రశంసలు నేటి పాఠకుని ఓర్పును పరీక్షిస్తాయి. ఆదరించినవారి పేర్లు చెప్పడం కృతజ్ఞత అనుకున్నా, అవి లేకపోతే గ్రంథానికి లోటు ఏమీ ఉండదు. పార్లమెంటు సభ గురించిన వర్ణన మాత్రం మరపురానిది. ఎదురెదురు మామిడిచెట్లపై వాలి ఒకదానినొకటి తిట్టుకునే రెండు చిలుకల గుంపులతో సభ్యులను పోల్చి, ఆ గోలలో పిట్, ఫాక్స్‌లదే పైచేయి అని చమత్కరించాడు. శాసనసభల గురించి ఆ తరువాత రెండు శతాబ్దాలలో మన దేశంలో పుట్టిన హాస్యమంతటికీ ఇది పూర్వరంగం కాదగినది.

గ్రంథానికి ప్రాణం వంటి అధ్యాయాలు ఆంగ్లేయుల గుణదోషాలను విచారించేవి. వారి సుగుణాలను అతడు మనసారా ఒప్పుకున్నాడు. మాట నిలుపుకోవడం, ప్రతిభను గౌరవించడం, సామాన్యుల సౌకర్యానికి పాటుపడడం అందులో ఉన్నాయి. దోషాలను పన్నెండుగా లెక్కించాడు. మతవిశ్వాసం సన్నగిల్లడం, గర్వం, ధనాశ, సుఖలాలస, స్వార్థం, దుబారా వంటివి ఏ నీతిశాస్త్రంలోనైనా కనిపించే మాటలే. ఆ జాబితాలో కాలవ్యయం గురించి చెప్పిన భాగం మాత్రం మరొకరు వ్రాయగలిగినది కాదు. నిద్రకు, గడ్డం గీసుకోవడానికి, దుస్తులు ధరించడానికి, మళ్ళీ మార్చుకోవడానికి, పూటపూటకూ భోజనాలకు ఎన్నెన్ని గంటలు పోతున్నాయో కూడి, రోజులో అసలు పనికి మిగిలేది ఎంత స్వల్పమో తేల్చి చూపాడు. రెవెన్యూ లెక్కలు వ్రాసిన చేయి ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. జమలో ఇరవైనాలుగు గంటలు, ఖర్చులో శిరోజాలంకారం, బొత్తాలు, తేనీరు! తూర్పుదేశాలవారు సోమరులని, కాలం విలువ ఎరుగరని పాఠ్యగ్రంథాలు బోధించిన కాలానికి ముందే, ఆ అభియోగాన్ని తిప్పి అదే కొలతతో ఆంగ్లేయులకు అప్పగించిన పత్రమిది.

పరుల ఆచారాల పట్ల తిరస్కారభావాన్ని అతడు చివరి దోషంగా పేర్కొన్నాడు. చేతితో భోజనం చేయడాన్ని ఎగతాళి చేసేవారికి, తన చేయి రొట్టెల దుకాణపు కుర్రవాని పాదాలకంటే శుభ్రమైనదేనని, లండన్ రొట్టెలలో సగం కాళ్ళతో తొక్కి కలిపిన పిండితోనే తయారవుతాయని జవాబు చెప్పాడు. విలియం జోన్స్ పారశీక వ్యాకరణాన్ని కూడా వదలలేదు. అది యువకునిగా ఉన్నప్పటి రచన అని మన్నిస్తూనే, దానినే ప్రమాణంగా పట్టుకున్న విద్యార్థులు దారి తప్పుతున్నారని వ్రాశాడు. ఒక విదేశీభాషలో స్వల్ప పరిచయం కలగగానే పండితులమనుకునే ఆంగ్లేయుల ధోరణి అతనికి చికాకు పుట్టించింది. పారశీక విద్యాలయం స్థాపించి తానే బోధించాలన్న అతని ప్రతిపాదన లండన్‌లో ఫలించలేదన్న సంగతిని దీనితో కలిపి చదవాలి. విమర్శ నిజమే కావచ్చు, అందులో భగ్నమనోరథుని ఉక్రోషం కూడా కొంత ఉన్నది.

1801లో లండన్‌లో ఉండగానే ఆసియా స్త్రీల స్వేచ్ఛను సమర్థిస్తూ అతడు వ్రాసిన వ్యాసం ప్రత్యేకంగా ప్రచురితమై పేరు పొందింది. మీ స్త్రీలకు స్వాతంత్ర్యం లేదని ఒక ఆంగ్ల వనిత అన్న మాటకు అది సమాధానం. సంసారంలోని సొమ్ముపై, పిల్లలపై, నౌకర్లపై ఇల్లాలికి గల అధికారం, పిల్లల పెళ్ళిళ్ళలో ఆమె మాటకు గల విలువ, భర్త ప్రమేయం లేకుండా బంధుమిత్రుల ఇళ్ళకు వెళ్ళి రోజుల తరబడి ఉండగలగడం, స్త్రీలు అతిథులుగా వచ్చిన వేళ యజమాని సైతం అంతఃపురంలో అడుగు పెట్టకపోవడం అతడు ఉదాహరించాడు. ఆనాటి ఇంగ్లండు చట్టం ఎలా ఉండేదో తెలిసినవారికి ఈ వాదన తేలికగా కొట్టివేయదగినది కాదు. వివాహంతో భార్య ఆస్తి భర్త వశమయ్యే విధానాన్ని ఆ దేశం 1870, 1882 శాసనాలతోనే సడలించుకున్నది.

అయినా ఈ వ్యాసాన్ని వలసపాలకులకు భారతీయుడు చెప్పిన దీటైన సమాధానంగా మాత్రమే మెచ్చుకుని ఊరుకోవడం సరికాదు. అతడు వర్ణించిన ఇల్లాలికి పరిచారికలున్నారు, పల్లకి ఉన్నది, వెళ్ళి ఉండదగినంత విశాలమైన బంధువుల ఇళ్ళున్నాయి. లక్నో వీధులలో నీళ్ళు మోసిన స్త్రీకి, కూలికి వడ్లు దంచిన స్త్రీకి ఆ స్వేచ్ఛలలో ఏది వర్తిస్తుందో అతనికి తోచలేదు. పైగా వాదమంతటా స్త్రీ మాట్లాడేది ఒక్కసారే, ప్రశ్న అడగడానికి. ఆమె ఆంగ్లేయురాలు. లక్నో అంతఃపురం పక్షాన మాట్లాడినవాడు దాని యజమాని. దుకాణంలో కూర్చుని వ్యాపారం చేసే ఆంగ్ల స్త్రీని చూసి, ఆ శ్రమ తప్పడమే మన స్త్రీల అదృష్టమని భావించిన రచయితకు, ఆ శ్రమతోపాటు ఆమె చేతికి వచ్చే నాణెం కనిపించలేదు. ఇతర విషయాలలో నాణేలను అంత జాగ్రత్తగా లెక్కపెట్టినవాడు ఇక్కడ మరిచిపోవడం యాదృచ్ఛికం కాకపోవచ్చు.

అతని నిష్పాక్షికతకు నిదర్శనం కావాలంటే తిరుగు ప్రయాణపు భాగం చదవాలి. పారిస్, మార్సెయ్, జెనోవా, మాల్టా మీదుగా ఇస్తాంబుల్ చేరి, అక్కడి నుంచి భూమార్గాన బాగ్దాద్, కర్బలా, నజఫ్, బస్రాలను చూసి బొంబాయి వచ్చాడు. స్వమతస్థుల దేశాలని తూనికలో రాయి మార్చలేదు. బసల అసౌకర్యం, అధికారుల అలసత్వం గురించి ఫిరంగి దేశాలకంటే ఘాటుగానే వ్రాశాడు. వహాబీల దాడికి గురైన కర్బలాను కొద్దికాలానికే చూసినందువల్ల ఆ విధ్వంసం గురించి అతడు నమోదు చేసిన విషయాలు నేటికీ చరిత్రకారులకు ఆధారం.

తెలుగు పాఠకునికి ఈ గ్రంథం చదువుతుంటే ఏనుగుల వీరాస్వామయ్య గుర్తుకు రావడం సహజం. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే నెలలో బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. మరణానంతరం 1838లో వెలువడిన ‘కాశీయాత్ర చరిత్ర’ విదేశయాత్ర కాదు, కాని నగరవాసి అయిన ఉద్యోగి దారి పొడుగునా వ్రాసుకున్న దినచర్య. ఏ మజిలీలో ఏ సరుకు దొరుకుతుంది, నీటి వసతి ఎట్లా ఉన్నది, వాగు దాటడం ఎలా అన్నవి ఆయన వెనుక వచ్చేవారి ఉపయోగం కోసం వ్రాశారు. తన దేశస్థులు ఈ శ్రమను పట్టించుకోరేమోనని అబూ తాలిబ్ పీఠికలోనే వాపోయాడు. వీరాస్వామయ్యకు ఆ దిగులు లేదు. ఆయన లేఖలు అందుకుని చదివే మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళ చెన్నపట్నంలో ఉన్నాడు. చదువరి ఎవరో తెలిసిన వచనానికి, తెలియని వచనానికి మధ్యగల అంతరం ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే బోధపడుతుంది. హైదరాబాదులో పుట్టి లక్నోలో కొలువు చేసిన యూసుఫ్ ఖాన్ కంబల్‌పోష్ 1837లో లండన్ వెళ్ళి, 1847లో ఉర్దూలో ప్రచురించిన యాత్రాచరిత్ర ఈ పరంపరలో మరొక మజిలీ. అందులో ఉల్లాసం హెచ్చు, లెక్కలు తక్కువ.

అబూ తాలిబ్‌ను నేడు చాలామంది చదివేది చార్లెస్ స్టూవర్ట్ 1810లో ప్రకటించిన ఆంగ్లానువాదం ద్వారానే. స్టూవర్ట్ కంపెనీ సైన్యంలో పనిచేసి, తరువాత కంపెనీ కళాశాలలో ప్రాచ్యభాషలు బోధించినవాడు. పారశీకం బాగా తెలిసినవాడే. కాని మూలంలోని కవితలను చాలావరకు విడిచిపెట్టాడు. ఆంగ్ల పాఠకుడు ఎదురుచూసిన ‘వింత అతిథి’ స్వరం అనువాదంలో కొంత హెచ్చుగా వినిపిస్తుంది. లెక్కలు వ్రాసే వచనం, మధ్యమధ్య కవిత అన్న లక్నో మర్యాద అందులో సగమే మిగిలింది. భారతీయ భాషలలోకి ఈ గ్రంథాన్ని తేవాలనుకునేవారు ఆంగ్లం నుంచి కాక పారశీకం నుంచి తేవడం అవసరం. ఆ మూలాన్ని రచయిత కుమారుడు మీర్జా హుసేన్ అలీ, మరొక పండితునితో కలిసి 1812లో కలకత్తాలో అచ్చు వేయించాడు. అప్పటికి అబూ తాలిబ్ జీవించి లేడు. తన పుస్తకాన్ని ఏ భాషలోనూ అతడు అచ్చులో చూసుకోలేదు.