సుగ్గికి పోయే మగాయన

ఆసియా నుంచి అమెరికా పోయిన మగవాళ్ల గురించి డేవిడ్ ఎంగ్ 2001లో ఒక పుస్తకం తెచ్చాడు. తెల్లజాతి అహంకారం వాళ్ల మగతనాన్ని ఎట్లా తెగ్గొట్టిందన్నది అందులో ముఖ్యమైన చర్చ. చర్చలో బలముంది. 1875 పేజ్ చట్టం చైనా ఆడవాళ్ల రాకను దాదాపు ఆపేసింది. 1882 చట్టం చైనా కూలీలకే తలుపులు మూసింది. అప్పటికే అక్కడున్న మగవాళ్లలో చాలామంది బట్టలుతికి, వంటలు చేసి బతికారు. ఆడపని చేసేవాళ్లని వెక్కిరింపులు పడ్డారు.

అయితే ఇల్లు వదలకముందు ఆ మగవాడు ఎవరు? అమెరికా పౌరసత్వం కోసం భగత్‌సింగ్ థిండ్ తాను అగ్రకుల ఆర్యుణ్ణనీ, కాబట్టి తెల్లవాణ్ణేననీ సుప్రీంకోర్టు దాకా వాదించి 1923లో ఓడిపోయాడు. ఓటమి గురించి పేజీలకు పేజీలు రాస్తారు, వాదన గురించి నసుగుతారు. సరిగ్గా వందేళ్లకు, 2023లో, సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధిస్తుంటే అడ్డం పడినవాళ్లలో వలస హిందూ సంఘాలున్నాయి.

పోగొట్టుకోవాలంటే ముందు ఉండాల గదా! ఆదోని, ఎమ్మిగనూరు చుట్టూ, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు పల్లెల్లో వాన మోసం చేస్తే ‘సుగ్గికి పోతాం’ అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంట ఇంటికొచ్చే సంబరం. గుంటూరు మిరపచేలకు పోయేవాళ్ల నోట్లో సంబరం పోయి కూలి మిగిలింది. తుంగభద్ర దిగువ కాలువ ఉన్నా చివరి భూములకు నీళ్లందవు. మాదిగ, మాల, బోయ, కురువ ఇళ్లకు తాళాలు పడతాయి. ముసలోళ్లు మిగుల్తారు. పిల్లలు బడి మాని వెంట పోతారు.

మాదిగాయన మగతనం గుంటూరులో పోలేదు. కొడుకు వయసు పిల్లగాడు ‘ఏమ్రా’ అంటే ‘అయ్యా’ అని పలికిన సొంతూళ్లోనే దానికి గుర్తింపు లేదు. మిరపకోత ఆడకూలి అని పేరు. సుగ్గిలో ఆయనా పెండ్లాం పక్కనే సాలు పట్టి కోస్తాడు. ఇందులో అవమానం వెతికే విమర్శకుడు ఆడపని ఎందుకు చిన్నదైందో ముందు చెప్పాల.

అట్లని ఆయన్ను వెనకేసుకు రాలేం. మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు మొగుని చేతిలో పడుతుంది, తీర్చేది ఇద్దరి రెక్కలు. చేలో సమానంగా వంగినామె గుడిసెకొచ్చి నీళ్లు మోయాల, పొయ్యి ముట్టించాల. చేలో ‘ఒరేయ్’ అనిపించుకున్న నోరే ఇక్కడ ‘ఏమే’ అంటుంది. గోగు శ్యామల ‘నల్లపొద్దు’ సంకలనం తెచ్చిన 2003 నాటికే దళిత స్త్రీలు ఈ లెక్క అడిగారు. మన వలస విమర్శలో వాళ్ల మాట ఇంకా పేజీ అడుగున చిన్నక్షరాల్లోనే ఉంది.