గిటారు అటకెక్కకుండా

వేసవి సెలవుల్లో కొన్న గిటారు బడులు తెరిచేసరికి చాలా ఇళ్లలో బీరువా మీదికి చేరుతుంది. మధిరలోనూ అంతే. రైలెక్కి ఖమ్మమో విజయవాడో వెళ్లి, ముచ్చటపడి తెచ్చుకున్న వాయిద్యం అది. మొదటి వారం ఇల్లంతా దాని మోతే. రెండో వారం వేళ్ల కొసలు మండుతాయి. ఆ తర్వాత ఎఫ్ కార్డ్ ఎదురవుతుంది. చూపుడువేలు తీగలన్నిటి మీదా అడ్డంగా పడుకోవాలి, మిగతా వేళ్లు తలోచోట నిలవాలి. ఎంత నొక్కినా ఒకటి రెండు తీగలు పలకకుండా టక్కుటక్కుమంటాయి. అక్కడితో చాలామంది ఆగిపోతారు. ఇంట్లోవాళ్లు దానికి ఆరంభశూరత్వమని పేరు పెడతారు. ఆ మాట నాకు న్యాయంగా అనిపించదు. అలా ఆగిపోయే పిల్లలు సోమరులు కారు, వాళ్లకు పాఠం అందిన వరుసే సరిగ్గా లేదు. నచ్చిన సినిమా పాట ఫోన్‌లో పెట్టుకుని, కార్డులు వెతుక్కుని మొదటిరోజే అందులోకి దూకుతారు. వీడియోలో కనిపించే చేయి వెనక ఎన్నేళ్ల సాధకం ఉందో ఎవరూ చెప్పరు.

నేర్చుకునేవాడి ఉత్సాహం ఎక్కడ తగ్గుతుందో, అక్కడ ఏ పాఠం పెట్టాలో మన కర్ణాటక సంగీతానికి బాగా తెలుసు. పురందరదాసు (1484–1564) ఏర్పరిచారని చెప్పే సరళీవరుసలు, జంటవరుసలు, అలంకారాలు, గీతాల క్రమం అందుకే ఇంతకాలం నిలిచింది. గిటారు చేతపట్టినవాడికి కూడా అంతకన్నా మంచి మొదటి పాఠం నేను చూడలేదు.

ఎలాగో ఒక్క తీగ మీదే చూద్దాం. ఏ తీగైనా సరే, వేలు పెట్టకుండా మోగించి దాన్నే షడ్జమం అనుకోండి. ఒకటో మెట్టు (ఫ్రెట్) రిషభం, నాలుగోది గాంధారం, అయిదోది మధ్యమం. ఏడో మెట్టు పంచమం, ఎనిమిదోది ధైవతం, పదకొండోది నిషాదం, పన్నెండో మెట్టు మీద పై షడ్జమం. అదే మాయామాళవగౌళ, పదిహేనో మేళకర్త. ఇప్పుడు మెట్ల మధ్య దూరాలు చూడండి. స నుంచి రి ఒక మెట్టు, రి నుంచి గ మూడు, గ నుంచి మ ఒకటి. ప నుంచి పైకీ అంతే: ఒకటి, మూడు, ఒకటి. కింద సగంలో చేయి ఏ దూరాలు నేర్చిందో పై సగంలోనూ అవే. రెండూ ఒకేలా ఉన్నాయని వారం తిరిగేలోపు చెవే చెబుతుంది. కొత్తగా నేర్చేవాడికి ఇంతకు మించిన ధైర్యం ఏముంటుంది! పైగా వేలు తప్పితే వెంటనే తెలిసిపోతుంది. ఒక మెట్టు దూరానికీ మూడు మెట్ల దూరానికీ అంత తేడా ఉంటుంది కాబట్టి అపస్వరం దాగదు.

తర్వాత త్రికాలాలు. ఆదితాళం ఒక్కో ఆవర్తనానికి ఎనిమిది అక్షరాలు. మొదటి కాలంలో అక్షరానికి ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. మొదటి సరళీవరుస పైకీ కిందికీ కలిపి పదహారు స్వరాలు. మొదటి కాలంలో దానికి రెండు ఆవర్తనాలు పడతాయి, రెండో కాలంలో ఒక్కటి చాలు, మూడో కాలంలో సగమే. ఫోన్‌లో మెట్రోనోమ్ నిమిషానికి 60 దగ్గర పెట్టుకుంటే మూడో కాలంలో సెకనుకు నాలుగు స్వరాలు పలకాలి. మొదట్లో అది చేతకాదు, 40కి తగ్గించుకోవాలి. తాళం మాత్రం మారకూడదు. స్వరాలు ఎన్ని పెరిగినా చేతి దెబ్బ అదే నడకలో పడుతూ ఉండాలి. ఈ పద్ధతిలో ఒక్క పాఠమే మూడు మెట్లవుతుంది. నిన్న తడబడిన రెండో కాలం ఇవాళ నిలిచిందని పక్కనెవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ‘బాగా వాయించాలి’ అన్న కోరికకు కొలత లేదు, ‘ఆదివారానికి నాలుగో సరళి రెండో కాలంలో తడబడకుండా రావాలి’ అన్నదానికి ఉంది. రోజూ కూర్చోబెట్టేది ఆ కొలతే.

జంటవరుసలు ఒకే స్వరాన్ని రెండుసార్లు పలికిస్తాయి, రెండోదాని మీద ఊనిక. మీటే చేతికి బలం వస్తుంది. అలంకారాలు ఏడు తాళాల్లో తిప్పుతాయి. వీటి తర్వాత మలహరి గీతాలు వస్తాయి. ఈ క్రమంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. మలహరి మాయామాళవగౌళకు జన్యం. అంటే పిల్లవాడు మొదటి పాట ఎత్తుకునేసరికి అందులోని ప్రతి స్వరం చేతికి ముందే తెలుసు. పాట కొత్తది, దారి పాతది. మూడు నిమిషాల్లో పల్లవి పట్టుబడితే ఆ మొహం చూడాలి.

ఈ క్రమంలోనూ లోటుంది, అదీ చెప్పాలి. కొందరు మాస్టార్లు ఏడాది దాటినా సరళీవరుసల దగ్గరే కూర్చోబెడతారు. పాటన్నది ఎప్పుడొస్తుందో తెలియక పిల్లలు మానేస్తారు. గిటారుకు అది అసలే పనికిరాదు. సరళి ఒకపక్క సాగుతుండగానే రెండో వారం నుంచి జి, సి, డి కార్డులతో నడిచే పాట ఒకటి చేతిలో పెట్టాలి. ‘ఈ మైనర్’ కార్డుకు రెండు వేళ్లు చాలు, దానితో మొదలుపెట్టినా మంచిదే. ఎఫ్ తర్వాత రావచ్చు. కార్డు మార్చేటప్పుడు చేయి ఆగిపోకుండా, తాళం దెబ్బకు అందేలా మార్చడం మాత్రం మొదటి నుంచీ పట్టించుకోవాలి. మార్పు ఆలస్యమైతే పాట నడక తగ్గించుకోవాలే తప్ప మధ్యలో నిలపకూడదు.

వాయించేది నోటితో పాడగలగాలన్నది మన పెద్దల పట్టు. దీనికి పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్‌ను మించిన సాక్ష్యం లేదు. ఇంట్లో తండ్రి సత్యనారాయణ మాండలిన్ ఉండేది. ఆరేళ్లకే పిల్లవాడి చేయి దాని మీద పడింది. గురువు రుద్రరాజు సుబ్బరాజు, గాయకుడు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. సుబ్బరాజుకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని వాయించేవాడు. పాఠమంటే అంతే! వేలు ఎక్కడ పెట్టాలో చూపించేవారు లేరు కాబట్టి చెవే దారి వెతుక్కుంది. గొంతులో కదిలే గమకం మెట్ల మీద ఎలా రావాలో శ్రీనివాస్ సొంతంగా కనిపెట్టుకున్నారు. జంట తీగల మాండలిన్‌ను విడి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌గా మార్చుకున్నారు. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ చేసేనాటికి వయసు తొమ్మిదేళ్లు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించారు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014లో నలభై అయిదేళ్లకే వెళ్లిపోయారు.

మనకు అంత ప్రతిభ ఉందా లేదా అన్న ప్రశ్న అనవసరం. సుబ్బరాజు గారి పద్ధతి ఎవరికైనా పనిచేస్తుంది. నాలుగు స్వరాలు పాడుకుని, అవే తీగ మీద వెతకండి. తీగ నొక్కి పక్కకు లాగితే స్వరం ఎక్కుతుంది, వేలు ఎత్తకుండా జార్చితే ఒక స్వరం ఇంకోదానిలోకి సాగుతుంది. గిటారు మీద గమకానికి ఈ రెండే ముఖ్యమైన ఉపాయాలు. పరాయి వాయిద్యం మన సంగీతానికి లొంగదని ఎవరైనా అంటే వయొలిన్‌ను చూపించవచ్చు. అదీ ఐరోపా నుంచి వచ్చిందే. ద్వారం వెంకటస్వామి నాయుడు 1919లో విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులయ్యేసరికి అది పూర్తిగా మనదైపోయింది.

ఇక వేళ్ల నొప్పి సంగతి. కొత్తవాళ్లు ఒకేసారి రెండు గంటలు వాయించి మర్నాడు ముట్టుకోరు. పూటకు పావుగంట చొప్పున రెండు పూటలా వాయిస్తే రెండు మూడు వారాల్లో వేళ్ల కొసలు గట్టిపడతాయి. వేలు మెట్టు మధ్యలో కాకుండా ముందున్న లోహపు గీతకు దగ్గరగా పడితే సగం బలం చాలు. తీగలు మెట్లకు మరీ ఎత్తుగా ఉంటే లోపం వేళ్లది కాదు, దుకాణంలో దించి ఇమ్మని అడగాలి. చిన్నపిల్లలకు నైలాన్ తీగల గిటారు మేలు. ఖమ్మం జిల్లా ఎండకు చెక్క ఎండిపోతుంది, వానాకాలం తేమకు ఉబ్బుతుంది, శ్రుతి నిలవదు. ఎండ తగలని గోడకు కొక్కెం కొట్టి వేలాడదీస్తే కళ్లముందు ఉంటుంది, చేయి దానంతట అదే వెళుతుంది. సంచిలో పెట్టి జిప్పు వేసిన గిటారు కన్నా గోడ మీది గిటారే ఎక్కువ మోగుతుంది.

ఇంత చేసినా ఒంటరిగా గదిలో వాయించేవాడికి ఎప్పుడో ఒకప్పుడు విసుగొస్తుంది. మన ప్రాంతంలో పాట ఎప్పుడూ గుంపులోనే పెరిగింది. మణుగూరు వైపు కోయ గూడేల్లో డోలు కొడుతూ వీరగాథలు పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ విద్యకు పుస్తకం లేదు, జాతరలో వింటూ నేర్చేదే. ఇటు నేలకొండపల్లి గోపన్న, మనం భద్రాచల రామదాసు అనుకునే ఆయన, పది గొంతులు కలిసి అందుకోగల కీర్తనలు రాశారు. మధిర మీదుగా పోయే రైలు మార్గంలోనే డోర్నకల్ ఉంది. 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పైన వి.ఎస్. అజరయ్య పనిచేసిన ఊరది. చర్చి పాటలోనూ మన సంగీతమే ఉంది: ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఇప్పటికీ కీర్తన పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. మా వైపు ఊళ్లలో గిటారు ఎక్కువగా వినిపించేదీ చర్చిలోనే.

నేర్చుకునేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: చర్చి క్వయరో, భజన బృందమో, కాలేజీ వార్షికోత్సవమో, వారం వారం పదిమందితో కలిసి వాయించే చోటు వెతుక్కోండి. అక్కడ పాటను ఎంచేది మనం కాదు, తేదీ మారదు. శనివారం రాత్రికి ఆ పాట చేతికి రావాల్సిందే. పాడే ఆవిడ గొంతుకు శ్రుతి ఎక్కువో తక్కువో అయితే అప్పటికప్పుడు మార్చాలి. తీగలన్నిటినీ అడ్డంగా నొక్కిపట్టే కేపోను రెండు మెట్లు పైకో కిందికో జరిపి తెలిసిన కార్డులే పట్టుకోవచ్చు. శ్రుతి మార్చడమంటే ఏమిటో ఏ పాఠంలోనూ అర్థం కానిది ఆ రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. మొదటి నెల వెనక వరుసలో కూర్చుని ప్రతి ఆవర్తనం మొదటి దెబ్బకు ఒక్కసారి మీటినా చాలు. కార్డు తప్పితే ఆ దెబ్బ వదిలేసి తర్వాతి దెబ్బకు అందుకోవాలి. పాడేవాళ్లు మన కోసం ఆగరు.