తీయాల్సింది తీసి, మిగల్చాల్సింది మిగిల్చి

ప్రోస్టేట్ క్యాన్సర్‌కి ఆ గ్రంథిని మొత్తంగా తొలగించే ఆపరేషన్‌ను బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హ్యూ హాంప్టన్ యంగ్ 1904లోనే చేశారు. అయినా ఆ తరవాత దాదాపు ఎనభై ఏళ్లపాటు దానికి ఒప్పుకున్నవాళ్లు తక్కువే. గ్రంథి ముందున్న సిరలు తెగితే రక్తం ముంచెత్తి, సర్జన్‌కి చెయ్యి పెట్టిన చోటు కూడా కనపడేది కాదు. చాలామందికి మూత్రం మీద అదుపు పోయేది. అంగస్తంభన దాదాపు అందరికీ పోయేది. అంగానికి వెళ్లే నరాలు ప్రోస్టేట్ లోపలినుంచే వెళతాయి కాబట్టి గ్రంథితోపాటు అవీ పోక తప్పదని వైద్యులు నమ్మారు.

ఆ నమ్మకం 1981లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో వీగిపోయింది. అప్పటికే ఆ సిరలను ముందుగా కట్టేసి రక్తస్రావం తగ్గించే పద్ధతిని సాధించిన హాప్కిన్స్ సర్జన్ పాట్రిక్ వాల్ష్, ఒక సదస్సుకని అక్కడికి వెళ్లి, పదవీ విరమణ చేసిన యూరాలజిస్టు పీటర్ డాంకర్‌ని కలిశారు. డాంకర్ ఒక మృతశిశువు దేహంలో మూత్రాశయానికి వెళ్లే నరాలను వెతికి పట్టుకుంటున్నారు. శాస్త్రం కోసం భద్రపరచిన పెద్దల శవాల్లో ఈ పని సాగదు. వాటిలో కొవ్వు కరిగి, అవయవాలు అణిగిపోయి, సన్నటి నరాల జాడే దొరకదు. మరి అంగానికి వెళ్లే నరాలు ఎటు పోతున్నాయని వాల్ష్ అడిగారు. డాంకర్ అంతవరకూ వాటికోసం చూడనేలేదు. ఇద్దరూ కూర్చుని వెతికితే కొన్ని గంటల్లోనే కనపడ్డాయి, ప్రోస్టేట్ పొరకి బయట!

పెద్దవాళ్లలో వాటిని గుర్తుపట్టే ఉపాయం కూడా వాల్ష్‌కి దొరికింది. గ్రంథికి రెండు పక్కలా, కాస్త వెనగ్గా సాగే చిన్న రక్తనాళాలను అంటిపెట్టుకునే ఆ నరాలూ నడుస్తాయి. 1982 ఏప్రిల్ 26న ఆయన తొలిసారి ఆ నరాల కట్టను కావాలని తప్పిస్తూ ఒక 52 ఏళ్ల వ్యక్తికి ఆపరేషన్ చేశారు. ఏడాదిలోపే అతను మళ్లీ మామూలు దాంపత్య జీవితం గడపగలిగాడు. యూరాలజీ చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఈ ఘట్టమే. ఇక్కడ కొత్త కత్తి ఏదీ రాలేదు, ఒంటి లోపలి దారి తెలిసింది, అంతే.

కొత్త పరికరం రావడం ఆ తరవాతి మాట. 2000 తరవాత డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రిలో మణి మీనన్ బృందం రోబో సాయంతో ప్రోస్టేట్ తొలగింపును ఒక క్రమమైన పద్ధతిగా తీర్చిదిద్దింది. అక్కడి యూరాలజీ సంస్థకి, విరాళమిచ్చిన రాజ్ వట్టికూటి పేరే పెట్టారు. రోబో తనంతట తాను ఏదీ కోయదు. దూరంగా కూర్చున్న సర్జన్ వేళ్ల కదలికనే, వణుకు లేకుండా చేసి, చిన్న రంధ్రాల గుండా లోపలికి చేరుస్తుంది. రక్తస్రావం తగ్గుతుంది, త్వరగా ఇంటికి పోవచ్చు. కానీ బ్రిస్బేన్‌లో జరిగి 2016లో వెలువడిన పరిశీలనలో, మూడు నెలల తరవాత మూత్రం అదుపు విషయంలోనూ, లైంగిక శక్తి విషయంలోనూ కోత ఆపరేషన్‌కీ దీనికీ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. కాబట్టి ఆసుపత్రిలో మొదట అడగాల్సింది యంత్రం ఉందా అని కాదు, ఈ డాక్టరుగారు ఇలాంటివి ఎన్ని చేశారని.

అసలు కోత అవసరమా అన్న ప్రశ్న కూడా ఉంది. గ్రంథి దాటని ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న 1,643 మందిని బ్రిటన్‌లో మూడు జట్లుగా చేసి, ఒక జట్టుకి ఆపరేషన్, ఒక జట్టుకి రేడియేషన్ ఇచ్చి, మూడో జట్టును జాగ్రత్తగా గమనిస్తూ వచ్చారు. పదిహేనేళ్ల తరవాత చూస్తే, ఏ జట్టులోనైనా ఆ జబ్బుతో పోయినవాళ్లు నూటికి మూడు ప్రాంతమే. క్యాన్సర్ అన్న మాట వినగానే రేపే కోసెయ్యండని వెంటపడే కుటుంబాలకు ఈ సంగతి ఎవరైనా నిదానంగా చెప్పాలి.

కిడ్నీ విషయంలోనూ నడక ఇటే. ఒకప్పుడు చిన్న గడ్డకీ మొత్తం కిడ్నీ తీసేవారు. ఇప్పుడు నాలుగు సెంటీమీటర్ల లోపు గడ్డ అనువైన చోట ఉంటే, రక్తనాళాన్ని కాసేపు బిగించి గడ్డ మేరకే తీసి కుట్టేస్తారు. ఆ కాసేపు అరగంట దాటకుండా చూసుకుంటారు.

మూత్రాశయానికి ఈ వెసులుబాటు తక్కువ. క్యాన్సర్ లోపలి పొరలోనే ఉంటే మూత్రనాళం గుండా పరికరం పంపి గీకేస్తారు. కండరంలోకి దిగితే మాత్రం చాలామందికి సంచి మొత్తం తీయాల్సిందే. మరి మూత్రం ఎటు పోవాలి? 1950లో అమెరికా సర్జన్ యూజీన్ బ్రికర్ వివరించిన పద్ధతిలో చిన్నపేగు ముక్క ఒక కొసను పొట్ట మీదికి తెరుస్తారు, బయట బ్యాగు తగిలిస్తారు. రెండోది, చిన్నపేగుతోనే లోపల కొత్త సంచి కుట్టడం. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో ఉర్స్ స్టూడర్ దీనికి పేరుపొందారు. పేగు గొట్టంలా ఉంటే దాని అలలు మూత్రాన్ని నెట్టేస్తాయి. అందుకే దాన్ని నిలువునా చీల్చి, మడిచి, గుండ్రంగా కుడతారు. ఇది వినడానికి బాగుంటుంది కానీ, సంచి నిండిందన్న కబురు మునుపటిలా మెదడుకి అందదు. గడియారం చూసుకుని, రాత్రుళ్లు కూడా లేచి, పొట్ట బిగించి పోసుకోవడం నేర్చుకోవాలి. కిడ్నీలు సరిగ్గా పనిచేయనివాళ్లకు ఇది పనికిరాదు.

బ్యాగంటే సిగ్గుపడి, నెలల తరబడి ఆపరేషన్ వాయిదా వేసేవాళ్ల గురించి నాకు బెంగ. బ్యాగు నప్పడం చాలావరకు రంధ్రం ఎక్కడ పెట్టారన్నదాని మీద ఉంటుంది. ఆపరేషన్‌కి ముందే మనిషిని నిలబెట్టి, కూర్చోబెట్టి, వంగమని, పొట్ట మడత పడని చోటు చూసి పెన్నుతో గుర్తు పెట్టాలి. లుంగీ ముడి, చీర కుచ్చిళ్లు, ప్యాంటు బెల్టు ఎక్కడ పడతాయో రోగి చూపించాలి. ఆ గుర్తు పడ్డాకే ఆపరేషన్ గదికి పంపండని ఇంటివాళ్లు మొహమాటం లేకుండా అడగవచ్చు.