తండ్రి ఎదురొచ్చే దారి

లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుడి కథ వినని క్రైస్తవ కుటుంబం ఉండదు. ఆస్తి పంచుకుని దూరదేశం పోయిన చిన్నకొడుకు ఉన్నదంతా తగలేసి, పందులు మేపే గతి పట్టాక ఇంటిదారి పడతాడు. తండ్రితో ఏమనాలో ముందే కూడబలుక్కుంటాడు: పాపం చేశాను, నీ కొడుకుననిపించుకునే యోగ్యత లేదు, కూలివాడిగా పెట్టుకో. తీరా తండ్రి ఎదుట మొదటి రెండు మాటలే పలుకుతాడు. మూడోది నోట్లో ఉండగానే తండ్రి పనివాళ్లను పిలిచి మంచి వస్త్రం, ఉంగరం, చెప్పులు తెమ్మంటాడు. అంతకుముందే, కొడుకు ఇంకా దూరాన ఉండగానే, పరుగెత్తి వెళ్లి మెడ మీద పడి ముద్దుపెట్టుకున్నాడు.

ఒప్పుకోలు కన్నా ముందే కౌగిలి వచ్చేసింది. క్రైస్తవ పశ్చాత్తాపానికి ఈ వరసే ప్రాణమని నేను నమ్ముతాను. కన్నీళ్లతో దేవుడి మనసు కరిగించాల్సిన పని లేదు. ఆయన ఎదురొస్తున్నాడన్న నమ్మకంతో వెనక్కి తిరిగితే చాలు. తప్పిపోయిన గొర్రె, పోయిన నాణెం కథలూ ఆ అధ్యాయంలోనివే. మూడింటా దొరికినదాని కన్నా ముందు సంతోషించేది పోగొట్టుకున్నవాళ్లే. మనకు దక్కే ఆనందం ఆ సంతోషంలో పాలు పంచుకోవడమే.

ఈ తిరిగి రావడాన్ని రోజువారీ అలవాటుగా మలిచినవారిలో 16వ శతాబ్దపు స్పెయిన్ దేశస్థుడు, జెస్యూట్ సభ స్థాపకుడు ఇగ్నేషియస్ లొయోలాను ముందుగా చెప్పుకోవాలి. 1548లో పోపు ఆమోదం పొందిన ఆయన 'ఆధ్యాత్మిక సాధనలు' గ్రంథంలో ఆత్మపరిశోధన పద్ధతి ఉంది. మొదట అందిన మేళ్లకు కృతజ్ఞత. తర్వాత తన తప్పులు తనకు కనబడేలా వెలుగు ఇమ్మని వేడుకోలు. ఆపైన నిద్ర లేచినప్పటినుంచి గంట గంటా తరచి చూసుకోవడం, క్షమాపణ కోరడం, దిద్దుకుంటానని నిశ్చయించుకోవడం. పావుగంటలో అయిపోతుంది. కృతజ్ఞతను దాటేసి నేరుగా తప్పుల దగ్గరికి వెళ్తే మనసు తనను తాను బోనులో నిలబెట్టుకుంటుంది, సాకులు మొదలవుతాయి. పొద్దున వేళకు అన్నం పెట్టిన చేతిని తలచుకున్నాక, ఆ మనిషి మీదే సాయంత్రం విసుక్కున్న మాట గుర్తొస్తే, సాకు వెతకాలనిపించదు. బాధ వేస్తుంది, క్షమాపణ అడగబుద్ధేస్తుంది.

కతోలికులకు దీనికి తోడు గురువు ఎదుట పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం ఉంది. తొలి శతాబ్దాల్లో ఘోరపాపాలకు సంఘం ఎదుట దీర్ఘకాలం ప్రాయశ్చిత్తం చేయాల్సి వచ్చేది, అదీ జీవితంలో ఒక్కసారే. గురువు చెవిన రహస్యంగా, ఎన్నిసార్లయినా చెప్పుకునే పద్ధతిని ఐర్లండ్ సన్యాసులు ఐరోపాకు వ్యాపింపజేశారు. 1215లో నాలుగో లాటరన్ మహాసభ ఏడాదికి ఒక్కసారైనా అలా చెప్పుకోవడం తప్పనిసరి చేసింది. మన ఊళ్ల చర్చిల్లోనూ ఈస్టరుకు ముందు తపస్కాలం వచ్చిందంటే ఫాదర్‌గారి దగ్గర వరసలు కడతారు. అక్కడ చెప్పింది గురువు చచ్చినా బయటపెట్టకూడదు. పాపానికి పేరు పెట్టి పైకి చెప్పడం కష్టం, కానీ క్షమించాననే మాట చెవులారా వినడంలో ఉన్న ఊరట అంతకంటే పెద్దది. ప్రొటెస్టెంటు సంఘాల్లో ప్రభురాత్రి భోజనానికి ముందు ఎవరికి వారు పరీక్షించుకుంటారు. విశ్వాసి బతుకంతా పశ్చాత్తాపమే కావాలన్నది సంస్కర్త మార్టిన్ లూథర్ 1517 నాటి సిద్ధాంతాల్లో మొట్టమొదటిది.

మళ్లీ మళ్లీ పడిపోయేవాడికి ఆనందం నిలుస్తుందా? పడకపోవడం మీద ఆధారపడితే నిలవదు. 51వ కీర్తనలో దావీదు కొత్త ఆనందం అడగడు, పోగొట్టుకున్నదాన్నే తిరిగిమ్మంటాడు. ఇచ్చే చేయి మారలేదు కాబట్టే ఆ అడగడానికి అర్థం ఉంది.

క్షమాపణను నమ్మలేక పాత పాపాలనే తవ్వుకునేవాళ్లూ ఉంటారు. 1522లో స్పెయిన్‌లోని మన్రేసాలో ఇగ్నేషియస్ సరిగ్గా అదే చేశాడు. చెప్పినవే మళ్లీ చెప్పి, ఏదో మిగిలిందని కుమిలి, ప్రాణం తీసుకోవాలనేంత దూరం వెళ్లాడు. చివరికి గడిచిన పాపాలను ఇక ఎన్నడూ సంకీర్తనంలో ఎత్తనని తీర్మానించుకున్నాకే తేరుకున్నాడు. ఆయన నేర్పిన ఆత్మపరిశోధనలో కృతజ్ఞత ముందు నిలవడానికి ఆ నెలల వేదనే కారణమై ఉంటుందనిపిస్తుంది.