గల్లీ తరఫున ఒక అర్జీ

మా గల్లీలో అర్జీలు రాసే పని నాది. ఎవరూ ఎన్నుకుని అప్పగించలేదు. చేతిరాత కుదురుగా ఉందని ఎప్పుడో ఒకరు రాయించుకున్నారు, తర్వాత అదే అలవాటైంది. నల్లాలో మురుగు వాసన వచ్చినా, మోరీ పొంగినా, స్తంభం మీద దీపం వెలగకపోయినా "సార్, జర ఒక కాగితం రాసియ్యరాదూ" అంటూ ఎవరో ఒకరు తలుపు తడతారు. రాయగా రాయగా ఇందులోనూ ఒక విద్య ఉందని తెలిసింది. ప్రతి గల్లీలో కనీసం ఇద్దరికైనా ఆ విద్య వచ్చి ఉండాలని నా కోరిక. వానలు తెచ్చే మృగశిర కార్తె దగ్గరపడుతోంది కనుక ఈ వారం ఆ సంగతే చెబుతాను.

సికింద్రాబాద్‌లో అర్జీ రాయాలంటే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. ఇది ఎవరి రోడ్డు? చాలా ఊళ్ళలో ఈ ప్రశ్నే పుట్టదు. 1806లో నిజాం సికిందర్ జా పేరు పెట్టుకున్ననాటి నుంచే మనది రెండు ఏలుబడుల నడుమ బతికిన ఊరు. హుస్సేన్‌సాగర్‌కు అవతల నిజాం రాజ్యం, ఇవతల ఇంగ్లీషువాళ్ళ దండు. పాతవాళ్ళు ఇప్పటికీ లష్కర్ అనే అంటారు. దొరలు వెళ్ళిపోయారు కానీ వాళ్ళు గీసిన గీతలు పోలేదు. సికింద్రాబాద్ కార్పొరేషన్ 1960లో హైదరాబాద్‌లో కలిసింది, 2007లో గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్‌లో, అంటే మన బల్దియాలో, భాగమైంది. కంటోన్మెంట్ మాత్రం తన బోర్డు కిందే ఉండిపోయింది. ఆ బోర్డు జవాబు చెప్పాల్సింది ఢిల్లీలోని రక్షణ శాఖకు. మారేడుపల్లి వైపు కొన్ని వీధుల్లో ఒక మలుపు దాకా బల్దియా, మలుపు తిరిగితే కంటోన్మెంట్. నడిచేవాళ్ళకు ఆ గీత కనిపించదు. వాన నీటికి దానితో పనే లేదు, పల్లం ఎటుంటే అటు పోతుంది.

ఒకే వీధిలో కూడా లెక్క ఇంతే. మురుగు పైపు వాటర్ బోర్డుది. వాన కాలువ బల్దియాది. కరెంటు తీగ విద్యుత్ సంస్థది, దాని పక్కన వేలాడే దీపం మళ్ళీ బల్దియాది. వీధి చివర పట్టాలుంటే రైల్వేది. ఎవరి రిజిస్టర్లో వాళ్ళ ముక్క ఉంటుంది. మొత్తం వీధి మాత్రం ఏ ఫైల్లోనూ ఉండదు. అది పొద్దున పాలకూ, సాయంత్రం కూరగాయలకూ అదే దారిలో తిరిగే మనకే తెలుసు. ఇన్నేళ్ళలో నాకు తెలిసిన సంగతి ఇదొక్కటే. మన వీధి ముక్కలు కాకుండా మొత్తంగా కనిపించే కాగితం మనం రాసే అర్జీయే. అందుకే దాన్ని శ్రద్ధగా రాయాలి.

శ్రద్ధ చూపుతో మొదలవుతుంది. "మా కాలనీలో చాలాకాలంగా నీరు నిలుస్తున్నది, దయచేసి తగు చర్య తీసుకోగలరు" అని రాస్తే చదివే ఇంజినీరు ఎక్కడికని వస్తాడు? ఏ ఇంటి నుంచి ఏ ఇంటి దాకా నీళ్ళు నిలుస్తున్నాయో, మడమల లోతా మోకాళ్ళ లోతా, వాన వెలిశాక ఎంతసేపటికి తీస్తాయో రాయాలి. ఆ నీళ్ళ వాసన చూడాలి, రంగు చూడాలి. వాన లేని రోజున కూడా మ్యాన్‌హోల్ పొంగుతుంటే మురుగు లైను ఎక్కడో పూడింది. అది వాటర్ బోర్డు పని, పూడిక తీసే ఎయిర్‌టెక్ మిషన్ రావాలి. వానప్పుడు మాత్రమే నీళ్ళు నిలిచి, అవి మట్టి రంగులో ఉంటే వాన కాలువలో పూడిక పేరుకుంది. అది బల్దియా పని. వానప్పుడు నల్లగా, కంపు కొడుతూ పైకి వస్తే రెండు లైన్లూ ఎక్కడో కలిసిపోయాయి. అప్పుడు ఇద్దరికీ రాయాలి, ఒకరికి రాసిన సంగతి రెండో కాగితంలో చెప్పాలి. లేకపోతే వాళ్ళు వీళ్ళదంటారు, వీళ్ళు వాళ్ళదంటారు. తాగే నీటి గురించి రాసేటప్పుడు బిల్లు మీది క్యాన్ నంబరు (మన ఖాతా సంఖ్య) వేయాలి. నల్లా తిప్పగానే కొద్దిసేపు మురికిగా వచ్చి తర్వాత తేటపడుతోందా, సరఫరా ఉన్నంతసేపూ అలాగే ఉందా అన్నది కూడా రాయాలి. పైపు ఎక్కడ చిట్లిందో వెతకడానికి ఆ ఒక్క వాక్యం చాలాసార్లు దారి చూపుతుంది.

ఓపికగా చూడటం గురించి మాట్లాడితే మన ఊరికే ఒక గొప్ప గురువు ఉన్నాడు. 1897 ఆగస్టు 20న ఇక్కడే సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమి ఆనవాలు పట్టుకున్నాడు. హుస్సేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున అతనికి ఇచ్చి, ఆ దోమలను కోసి, కనిపించినది కనిపించినట్టు రాసుకున్నాడు. గాలికి దోమలు ఎగిరిపోతాయని ఆ ఉక్కలో పంకా కూడా వద్దనుకున్నాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పనిచేసిన ఇల్లు బేగంపేటలో ఇప్పటికీ ఉంది. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది ఆ తర్వాతి కథ. సూక్ష్మదర్శిని పక్కన పెట్టి, నిలిచిన నీటిని తీయించడానికి మనుషుల బృందాలను కూడగట్టాలని ఆయన పుస్తకమే రాశాడు, ఆఫ్రికాలోని సియెర్రా లియోన్ దాకా వెళ్ళి ఆ పని మొదలుపెట్టించాడు. ఇంత పెద్ద శోధన చివరికి వీధిలోని నీటిగుంట దగ్గరికే వచ్చింది. ఖాళీ ప్లాటులో నిలిచిన నీటి గురించి బల్దియా ఎంటమాలజీ విభాగానికి రాసిన ప్రతిసారీ నాకు ఆ ఇల్లు గుర్తొస్తుంది.

చూసినదంతా ఒకే అర్జీలో పెట్టకూడదు. పన్నెండు సమస్యలు రాసిన కాగితం పన్నెండు టేబుళ్ళ మధ్య తిరిగి ఎక్కడో ఆగిపోతుంది. ఒక కాగితం, ఒక పని. ఆ పని చదివేవాళ్ళ అధికారంలో ఉండాలి. మ్యాన్‌హోల్ మూత పెట్టించండి అని ఏఈని, అంటే అసిస్టెంట్ ఇంజినీరును, అడగవచ్చు. కొత్త పైపులైను వేయండి అంటే ఆయన చేతిలో లేదు. ఎస్టిమేట్ తయారుచేసి పై అధికారికి పంపండి అని అడిగితే అది ఆయన చేయగలడు. ఎవరినీ తిట్టకూడదు. ఇన్‌వర్డ్ సెక్షన్లో ముద్ర వేసే ఆమె మన మోరీని పూడ్చలేదు. ఆ ఇంజినీరుకు మన గల్లీ లాంటివి ఇంకెన్నో ఉన్నాయి. వాళ్ళ పని తేలిక చేసే కాగితం ముందుగా కదులుతుంది.

మురుగు పని అడిగిన ప్రతి అర్జీలో నేను ఒక వాక్యం తప్పకుండా చేరుస్తాను. మిషన్‌తోనే శుభ్రం చేయించండి, మనిషిని లోపలికి దింపవద్దు. తగిన రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దింపడాన్ని 2013 చట్టం నేరంగా చెబుతోంది. కోలార్ గనుల ఊళ్ళో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ జీవితమంతా ఇందుకోసమే పోరాడాడు, 2016లో ఆయనకు మెగసెసే పురస్కారం వచ్చింది. మన వాకిలి శుభ్రం కోసం మరో ఇంటి మనిషి ప్రాణం పణంగా పెట్టే హక్కు మనకు లేదు.

ఇక సంతకాలు. చాలామంది దీన్ని లాంఛనం అనుకుంటారు. నా మట్టుకు అర్జీలో సగం ప్రాణం ఇక్కడే ఉంది. కాగితం పట్టుకుని ఇంటింటికీ వెళితే తెలియని సంగతులు తెలుస్తాయి. ఒక పెద్దాయన గోడ మీద గీత చూపించారు. 2000 ఆగస్టు 24న, బేగంపేటలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసిన నాడు, నీళ్ళు అక్కడిదాకా వచ్చాయట. ఆ ఎత్తు కొలిచి అర్జీలో రాశాను. గల్లీ చివర కిరాయికి ఉండే ఒకామె సంతకానికి వెనకాడింది.

"మేం కిరాయికుంటం సార్. మా సంతకం ఎందుకు?"

"నీళ్ళు మీ ఇంట్లోకి రావా అమ్మా?"

"ఎందుకు రావు? మీకన్నా ముందు మాకే వస్తయి. ఎనకదిక్కు మోరీ గోడ కూలింది, ఎవ్వరు చూడలే."

ఆ కూలిన గోడే అసలు కారణం. గల్లీ ముందువైపు సొంత ఇళ్ళవాళ్ళం ఎవరమూ అటు వెళ్ళి చూడలేదు. ఆ అర్జీలో ఆమె మాటే మొదటి వాక్యం, ఆమె సంతకమే మొదటి సంతకం.

మన ఊళ్ళో సంతకాల కాగితం చూడటమే ఒక సంతోషం. రైల్వే ఉద్యోగాలకూ దండు పనులకూ ఎక్కడెక్కడి నుంచో వచ్చి స్థిరపడినవాళ్ళం మనం. ఒకే కాగితం మీద తెలుగు, ఉర్దూ, తమిళం, హిందీ, ఇంగ్లీషు, ఇస్త్రీ బండి తాత వేలిముద్ర. బోనాల నాడు మహంకాళి గుడి వీధుల్లో కనిపించే లష్కర్ మళ్ళీ ఈ కాగితం మీద కనిపిస్తుంది.

పెద్ద పనులకూ ఇదే దారి. తుకారాంగేట్ దగ్గర రైలు గేటు పడితే జనం ఎంతసేపు నిలబడేవాళ్ళో ఆ వైపు వాళ్ళకు తెలుసు. అక్కడ పట్టాల కింది దారి 2022 మార్చిలో తెరుచుకుంది. అలాంటి చోట పట్టాల కింది భాగం రైల్వే చూడాలి, ఇటూ అటూ దారి, స్థల సేకరణ బల్దియా చూడాలి. రెండు చేతులు కలిస్తే తప్ప కదలని పని అది. కంటోన్మెంట్‌లో మూసిన రోడ్ల సంగతి ఇంకా పెద్దది. మల్కాజిగిరి, సఫిల్‌గూడ, నేరేడ్‌మెట్, సైనిక్‌పురి జనానికి సైన్యానికి చెందిన ఏఓసీ కేంద్రం మీదుగా పోయే రోడ్లు నిత్యం తిరిగే దారి. సైన్యానికి భద్రత అవసరం, దాన్ని ఎవరూ కాదనరు. కానీ 2006 కంటోన్మెంట్ల చట్టం 258వ సెక్షన్ ప్రకారం, రోడ్డు శాశ్వతంగా మూయాలంటే ముందు ప్రజలకు నోటీసు ఇచ్చి అభ్యంతరాలు వినాలి. కాలనీల సంఘాల వాళ్ళు ఆ సెక్షన్‌నే పట్టుకున్నారు. 2018 మేలో రక్షణ శాఖ దేశంలోని 62 కంటోన్మెంట్లలో మూసిన రోడ్లు తెరవాలని ఆదేశించింది. ఆ తర్వాత కూడా ఇక్కడ వివాదం పూర్తిగా తీరలేదు. అయినా మామూలు ఉద్యోగులు, రిటైరైనవాళ్ళు, గృహిణులు ఒక సెక్షన్ చదివి, అర్థం చేసుకుని, ఢిల్లీ దాకా వినిపించేలా రాశారు. నినాదం ఆ రోజుతో పోతుంది, సెక్షన్ నంబరు ఫైల్లో ఉండిపోతుంది.

అర్జీ ఇచ్చి ఊరుకుంటే అది సగం పనే. రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. తగినంత కాలం చూశాక 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అడగాలి. మా అర్జీ ఏ తేదీన ఎవరికి పంపారు? ఏం చర్య తీసుకున్నారు? పని అయిందని రాసుకుంటే కొలతల పుస్తకం నకలు ఇవ్వండి. ముప్ఫై రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మొదటి అప్పీలు ఉంది. ఒకసారి ఒక ఆఫీసులో మా కాగితం కనిపించడం లేదన్నారు. ముద్ర ఉన్న ప్రతి చూపించాక కొత్త ఫైలు తెరిచారు. పని పూర్తయ్యాక మరో కాగితం రాయాలి, అది ధన్యవాదాలు చెబుతూ. ఎయిర్‌టెక్ మిషన్‌తో వచ్చిన కార్మికుల పనితీరు బాగుందని వాళ్ళ పై అధికారికి రాస్తే, తర్వాతిసారి వాళ్ళు మన గల్లీని గుర్తుపెట్టుకుని వస్తారు.

మా గల్లీ కుర్రాళ్ళు బల్దియా యాప్‌లో ఫొటో పెడితే చాలదా అని అడుగుతారు. పగిలిన మూతకు, వెలగని దీపానికి అది చాలు, వెంటనే పెట్టండి అంటాను. కానీ యాప్ ఒక చోటును చూపిస్తుంది. దాని వెనక ఉన్న వీధినీ, ఆ వీధిలో మనుషులనూ కలపడానికి కాళ్ళతో తిరగాల్సిందే. ఇప్పుడు ఇద్దరు పిల్లలు నాతో సంతకాలకు వస్తున్నారు. ఫొటో, లొకేషన్ వాళ్ళు పెడతారు, వాక్యం నేను రాస్తాను. త్వరలో వాక్యం కూడా వాళ్ళే రాయాలి.

ఇదంతా కాగితాల వ్యవహారంగా కనిపిస్తే కళాసిగూడను తలుచుకోండి. 2023 వేసవిలో కురిసిన వానకు అక్కడ తెరిచి ఉన్న నాలాలో పడి ఒక చిన్నారి చనిపోయింది. ఒక మూత విలువ ఎంతో ఆ ఇంటిని మించి చెప్పగలిగేవాళ్ళు లేరు. లేని మూత గురించి రాయడాన్ని మనం వాయిదా వేయకూడదు.

ఈ ఆదివారం ఒక కాగితం, కలం తీసుకుని మీ గల్లీలో ఆ చివరి నుంచి ఈ చివరిదాకా నడవండి. మూతలు చూడండి, పూడిక చూడండి, ఎవరి రోడ్డో తెలుసుకోండి. ఒక్క పని ఎంచుకుని రాయండి. సంతకాలకు వెళ్ళినప్పుడు మధ్యలో ఆగవద్దు, చివరి ఇంటి దాకా వెళ్ళండి. పల్లంలో ఉండేది వాళ్ళే. నీళ్ళు ముందుగా చేరేది వాళ్ళ ఇంటికే కనుక ముందుగా వినాల్సింది వాళ్ళ మాటే.