గండి ఒడ్డున ఒక గది

మా కడప జిల్లాలో హోటల్ అంటే తినే చోటు. పడుకునే చోటును లాడ్జి అంటాం. ప్రొద్దుటూరు బస్టాండులో దిగి హోటల్ ఎక్కడని అడిగితే కారం దోసె బాగుండే అంగడికి దారి చూపిస్తారు. అందుకే చలికాలంలో రెండు రోజులు ఎక్కడికైనా పోయొద్దామనుకునే దంపతులు, మీ వైపు మంచి హోటల్ ఏదండీ అని అడిగినప్పుడల్లా నేను ముందు ఒక సంగతి కనుక్కుంటాను. తెల్లారి తలుపు తీస్తే మీకు ఏం కనబడాలి?

వీధి, అంగళ్లు, జనం కనబడాలంటే ప్రొద్దుటూరే. పసిడిపురి అని ఊరికే అనలేదు దాన్ని. బంగారం కొట్లు, బట్టల కొట్లు, ఏసీ గదులు, పొద్దున్నే ఉగ్గాని బజ్జి, అన్నీ కాలినడకన అందుతాయి. కానీ ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఇద్దరూ చెప్పుకునే రాత్రి కావాలంటే జమ్మలమడుగు దాటి ఇంకో 15 కిలోమీటర్లు పోవాలి. పెన్న లోయ అంచున ఉన్న గండికోటలోనే పడుకోవాలి. ప్రొద్దుటూరులో గది తీసుకుని కోటకు పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే పద్ధతి నాకు నచ్చదు. అలా వెళ్లినవాళ్లు లోయను చూస్తారు, ఫోటోలు తీసుకుంటారు, కోట కట్టినవాడి చేతిపనిని మాత్రం చూడలేరు.

కారణం వెలుతురు. రాతిపని నీడలో తెలుస్తుంది. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు చెక్కడాలన్నీ చదునైపోతాయి. సూర్యుడు ఏటవాలుగా ఉన్నప్పుడే ఉలి ఎక్కడ లోతుగా దిగిందో, ఎక్కడ తేలిగ్గా గీసి వదిలారో కనబడుతుంది. ఆ వేళ పొద్దున గంటసేపు, సాయంత్రం గంటసేపు. బయటి ఊర్లో పడుకున్నవాళ్లకు ఆ రెండు గంటలూ దారిలోనే పోతాయి. పైగా డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దు రోజంతా కిందికి వాలే ఉంటుంది కాబట్టి నీడలు పొడుగ్గా పడతాయి. మే నెలలో ఆ బండల మీద కాలు పెట్టలేం. చలికాలంలో గంటలకొద్దీ కూర్చోవచ్చు.

గండి అంటే తెగిన చోటు. చెరువు కట్ట తెగినా గండే, కొండ తెగినా గండే. ఎక్కడో నందికొండల్లో పుట్టిన పెన్న ఇక్కడ ఎర్రమల కొండలను నిలువునా కోసుకుని పోయింది. ఆ అంచున నిలబడి ఎదుటి గట్టు చూడండి. ఎవరో తాపీగా పేర్చినట్టు వరుస మీద వరుస రాళ్లు ఉంటాయి. ఆ పేర్పు ప్రకృతిదే. కోట కట్టినవాళ్లు దాన్ని బాగా చూసుకున్నారని నా నమ్మకం. పొరలుగా విడిపోయే రాయిని పొర వెంబడే చీల్చి, సహజంగా వచ్చిన చదును ముఖాన్ని బయటికి పెట్టి గోడ లేపారు. అందుకే దూరం నుంచి కొండ ఎక్కడ అయిపోయిందో, గోడ ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. చుట్టుకొలత సుమారు 5 మైళ్లుండే కోటలో లోయ వైపు కాపలా భారమంతా నదికే అప్పజెప్పారు. మనిషి శ్రమ ఎక్కడ అవసరమో అక్కడే పెట్టారు. నాకు ఈ పొదుపు చాలా గొప్పగా తోస్తుంది.

లోపలికి పోతుంటే పెద్ద వాకిలి వస్తుంది. చెక్క తలుపులకు ఇనుప రేకులు, వాటి మీద ఏనుగులు తలతో ఢీకొట్టకుండా పొడుచుకొచ్చిన మేకులు. అక్కడ నుంచి ఊరి మధ్యగా నడవాలి. అవును, కోటలో ఇప్పటికీ ఒక పల్లె ఉంది. జాలీ పనితో కిటికీలు పెట్టిన పావురాల గోపురం దాటి మాధవరాయస్వామి గుడికి చేరేసరికి ఎండ ఇంకా లేతగానే ఉంటే మీ అదృష్టం. 16వ శతాబ్దపు విజయనగర పనితనం అది. గోపురానికి కింది భాగం రాయి, పైన ఇటుక, గచ్చు. బరువు మోసే చోట రాయి, ఎత్తుకు పోయే కొద్దీ తేలిక సరుకు. ఈ లెక్క తెలియకుండా అంత ఎత్తు నిలబడదు.

గుడిలో దేవుడు లేడు. పూజ లేదు. దీనికి సంబంధించి నాకు మర్చిపోలేని ఒక సంగతి ఉంది. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఈ కోటను పట్టుకున్న కొత్తలో, 1652లో, ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియె ఇక్కడికి వచ్చాడు. గుళ్లలోని లోహ విగ్రహాలను కరిగించి ఫిరంగులు పోయించాలని మీర్ జుమ్లా ఒక ఫ్రెంచి వాడిని పనిలో పెట్టాడట. మిగతావి కరిగాయి గానీ గండికోట గుడి విగ్రహాలు ఆరు మాత్రం ఎంత మంటకూ లొంగలేదనీ, చివరికి ఒక్క ఫిరంగి కూడా తయారు కాలేదనీ టావెర్నియె రాసుకున్నాడు. కారణం ఏదైనా కానీ, ఖాళీ గర్భగుడి ముందు నిలబడితే ఆ ఆరు విగ్రహాలు పోతపోసిన వాళ్లు గుర్తుకొస్తారు.

గుడి తర్వాత మసీదు. జామియా మసీదు ముంగిట చుట్టూ కమానుల వరుస. ఇక్కడ రాయి వెనక్కి తగ్గి గచ్చు ముందుకొస్తుంది. సున్నాన్ని గానుగలో రుబ్బి, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపి మెదిపి, పొర మీద పొర పూసి, ఆరేలోపు చేత్తో నునుపు తేల్చే పాత పద్ధతి దక్కనంతా ఉండేది. అలాంటి గచ్చు మీద అరచెయ్యి పెడితే నున్నటి గుండురాయిని తాకినట్టు ఉంటుంది. పక్కనే ధాన్యాగారం. కమాను కప్పు కింద దూలం అనేదే లేదు. ఒక్కో భాగం పక్క భాగాన్ని నెట్టుకుంటూ, ఆ నెట్టుడుతోనే అంతా నిలబడింది. లోపల ఒక మాట అనుకుంటే అది గుండ్రంగా తిరిగి వస్తుంది. జంటగా వెళ్లినవాళ్లు తప్పకుండా లోపల కాసేపు ఉండండి.

ఇక గది. కోటకు దగ్గరలో రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ వారి హరిత హోటల్ ఉంది. గట్టు మీద డేరాలు వేసి అద్దెకిచ్చేవాళ్లూ ఉన్నారు. 2023 జులైలో ఓబెరాయ్ వారి హోటల్‌కు కూడా శంకుస్థాపన జరిగింది. కుర్రకారుకు డేరా సరదాగా ఉంటుంది గానీ చలికాలం తెల్లవారుజామున మంచు కారి గుడ్డ తడుస్తుంది కాబట్టి దంపతులకు గదే నా సలహా. గది ఏదైనా డబ్బు కట్టేముందు ఒకసారి లోపలికి పోయి చూడండి. తలుపు మూస్తే కిర్రుమంటుందా, మెత్తగా కూర్చుంటుందా? స్నానాల గదిలో చెంబుడు నీళ్లు పోస్తే నిలుస్తాయా, వాలు వెంబడి పోతాయా? పరుపు కంటే, టీవీ కంటే నేను వీటినే నమ్ముతాను. ఇవి సరిగా కట్టినవాడు మిగతావీ సరిగానే కట్టి ఉంటాడు.

నేల కూడా చూడండి. మా వైపు నేలంటే నాపబండ. నార్జి సున్నపురాయి అని భూగర్భ శాస్త్రజ్ఞులు పేరు పెట్టింది దీనికే. ఈ ప్రాంతపు రాతి పొరల మీద విలియం కింగ్ 1872లో వెలువరించిన గ్రంథంలో జమ్మలమడుగు పేరుతోనే ఒక పొరల వరుస ఉంది. పులివెందుల పేరుతో, గండికోట పేరుతో క్వార్ట్‌జైట్ రాళ్లున్నాయి. మన ఊర్ల పేర్లు ఇలా రాళ్లకు అతుక్కుపోయాయి. నాపరాయి గనిలో పనివాళ్లను చూశాను. గీత వెంబడి ఉలి పెట్టి, సుత్తితో ఒకే బిగువులో చిన్న చిన్న దెబ్బలు కొట్టుకుంటూ పోతారు. ఆత్రపడితే బండ అడ్డంగా పగులుతుంది. ఓపికగా కొడితే అట్టు పెనం మీద నుంచి లేచినట్టు పొర మొత్తం లేస్తుంది. తర్వాత అంచులు కొట్టి మట్టం చేస్తారు. మంచి పనివాడు పరిచిన నేలలో రెండు బండల మధ్య సందులో వేలిగోరు కూడా దూరదు. నిద్రలేచి మంచం దిగగానే ఆ నల్లని చల్లదనం అరికాళ్లకు తగిలిందంటే కడప జిల్లాలో ఉన్నామని వేరే చెప్పక్కర్లేదు.

రెండో రోజు ఓపికుంటే పులివెందుల వైపు పోండి. వేంపల్లె దగ్గర ఇంకో గండి ఉంది. అక్కడ కొండను కోసింది పాపాఘ్ని. గండి వీరాంజనేయస్వామి రూపాన్ని శ్రీరాముడే బాణం మొనతో బండ మీద గీశాడనీ, ఎడమచేతి చిటికెన వేలు ఒక్కటి విడదీయకుండా వదిలేశాడనీ, తర్వాత శిల్పులు ఆ వేలు చెక్కబోతే రక్తం వచ్చిందనీ చెప్పుకుంటారు. పని ఎక్కడ ఆపాలో ఆ కథ కట్టినవాళ్లకు తెలుసు. గండికోట విగ్రహాల సంగతికీ దీనికీ నా మనసులో ఏదో చుట్టరికం ఉంది.

వచ్చేవాళ్లు నంద్యాల, ఎర్రగుంట్ల మధ్య వేసిన కొత్త లైను మీద రైలెక్కి జమ్మలమడుగులో దిగవచ్చు. శనాదివారాలు, సంక్రాంతి సెలవులు గోల గోలగా ఉంటుంది కాబట్టి మంగళ, బుధవారాలు చూసుకోండి. రాత్రికి సంగటి, నాటుకోడి పులుసు దొరుకుతుందేమో ముందే అడిగి పెట్టుకోండి. తెల్లవారకముందే టార్చి పట్టుకుని పెద్ద వాకిలి దగ్గరికి చేరండి. ఒక్క మనవి. గుడి స్తంభాల మీద ఎందరో జంటలు తమ పేర్లు గీసి పోయారు. మీరు గీయకండి. అరచేత్తో ఒకసారి ఆ రాయిని తడిమి రండి.